కొయ్యని మల్లెలు

మొన్న సాయంత్రం, ఎండ ఇంకా దిగకుండానే, రావులపాలెంలో మా ఊరి బస్సెక్కాను. వైశాఖమాసం. బస్సు నిండా జనం, జనం మధ్యలో ఒక అరటిగెల. గెలకి కిటికీ పక్క సీటు దొరికింది, నాకు కడ్డీ దొరికింది. చెమటా, డీజిలూ, మాగిన అరటిపండూ కలిసిన గాలిలో వేలాడుతుంటే దారిలో ఏదో ఊళ్ళో ఒకావిడ ఎక్కింది. తలలో మూరెడు మల్లెపూలు, అప్పుడప్పుడే విచ్చుకుంటున్నవి.

బస్సులో గాలి మారిపోయింది. నోరు తెరుచుకుని నిద్రపోతున్న ఒకాయన నోరు మూసి ముక్కు తెరిచాడు. టికెట్లు కొడుతూ వచ్చిన కండక్టరు ఆవిడ దగ్గర ఒక్క క్షణం ఆగి, గుండె నిండా పీల్చి, ఏమీ ఎరగనట్టు "లోపలికి జరగండమ్మా" అన్నాడు.

నేను పైకే నవ్వేశాను. పక్కనున్నాయన తన జేబు తడుముకున్నాడు. పోయినవాళ్ళు గుర్తొస్తే కళ్ళు చెమర్చాలంటారు. నాకు గుర్తొచ్చిన మనిషి కూడా కండక్టరే. ఆయన గుర్తొస్తే ముందు నవ్వే వస్తుంది. ఏం చెయ్యను, ఆయన అలా బతికారు.

ఆయన అసలు పేరు రేషన్ కార్డు మీద ఉంది. మా వీధిలో దాని అవసరం ఎవరికీ పడలేదు. రామచంద్రపురంలో మా వీధి ఆడపడుచుని చేసుకుని, ఇల్లరికం వచ్చి, ఇక్కడే ఉండిపోయారు కాబట్టి వీధి మొత్తానికి బావగారు. మా నాన్నకి బావగారు. నాకూ బావగారే. వరస ప్రకారం నాకు మావయ్య అవ్వాలి, ఎందుకంటే ఆయన భార్యని నేను అత్తయ్యా అంటాను. అత్తయ్య మొగుడు బావగారెలా అవుతారండీ అని ఒకసారి అడిగాను.

"బస్సెక్కాక అందరూ ప్యాసింజర్లేరా బామ్మర్దీ" అన్నారు.

దానికీ దీనికీ సంబంధం ఏంటో ఇవాళ్టికీ నాకు తెలీదు. ఆయన అన్నప్పుడు మాత్రం ఉన్నట్టే అనిపించింది.

రిటైరై ఏళ్ళు గడిచినా ఆయనలోంచి కండక్టరు దిగలేదు. ఇంట్లో కాఫీ తాగేటప్పుడు కూడా గుమ్మానికి నడుం ఆనించి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడేవారు, ఇల్లు ఏ క్షణాన బ్రేకు వేస్తుందో అన్నట్టు. కరివేపాకు రెమ్మ తుంచాలన్నా బొటనవేలు నాలిక మీద తడి చేసుకునేవారు. మాట అయిపోయిందనడానికి "రైట్" అనేవారు. ఎదుటివాడి మాట అయిపోకపోయినా అదే అనేవారు. డ్యూటీ నాటి విజిల్ వీధిగది మేకుకి వేలాడుతూ ఉండేది.

వాళ్ళింటి వెనక ఉన్న జాగాని తోట అనడానికి కొంచెం ధైర్యం కావాలి. రెండు కొబ్బరిచెట్లు, నీళ్ళ మోటారు, బట్టలుతికే రాయి, మిగిలిన చోటంతా ఆయన మొక్కలు. గోడవారగా మల్లెపొదలు, మూలన సంపెంగ, పెరటి తలుపు మీదికి పాకిన విరజాజి, దాని కింద రెండు ప్లాస్టిక్ కుర్చీలు, కుండీల్లో మరువం, అంచున కనకాంబరాలు. ఏడాది పొడుగునా ఎక్కడుంటుందో తెలీకుండా నేలలో దాక్కుని, సరిగ్గా ఈ రోజుల్లో ఎర్రటి బంతిలా పైకొచ్చే మే పువ్వు కూడా ఉండేది. ఇవన్నీ కడియం నర్సరీల నుంచి బస్సులో తెచ్చినవే. మొక్కని సీట్లో కూర్చోబెట్టి, దానికీ టికెట్ కొట్టమని కండక్టరుతో ఆయనే గొడవ పెట్టుకునేవారు.

"మొక్కకి టికెట్ ఏంటండి?" అంటే, "సీటు ఆక్రమించింది, ఊపిరి పీలుస్తోంది. ఇంకేం కావాలి నీకు?" అనేవారు. నేను పక్కనుండి చూశాను. ఆ కండక్టరు ఉద్యోగంలో చేరినందుకు బాధపడినట్టు కనిపించాడు.

ఇంతకీ ఆ తోట ఆయన సరదా కోసం వేసింది కాదు. దాని వెనక అత్తయ్య ముక్కు ఉంది.

అత్తయ్య ముక్కు గురించి తెలియనివాళ్ళు మా వీధిలో లేరు. ఎవరింట్లో పాలు అడుగంటుతున్నా వాళ్ళకంటే ముందు ఆవిడకి తెలిసేది. వాకిట్లో నిలబడి "ఏవమ్మోయ్, పోపు మాడుతోంది!" అని కేకేసేది. మా అమ్మ చేపలపులుసులో చింతపండు తగ్గించిన రోజున గోడవతల నుంచే కనిపెట్టేది. వేసవిలో సాయంత్రమయ్యేసరికి మొగ్గలు కోసి, కట్టి, జడలో పెట్టుకుని, వీధి అరుగు మీద కూర్చునేది. పక్కన ఎవరు కూర్చున్నా వాళ్ళకి కబుర్లతో పాటు ఆ వాసన కూడా అందేది.

ఊరంతా మాస్కులు కట్టుకుని తిరిగిన ఆ రోజుల్లో ఆవిడకి జ్వరం వచ్చింది, తగ్గింది. వాసన మాత్రం వెళ్ళి తిరిగి రాలేదు. అందరికీ కొన్నాళ్ళలో వచ్చేసింది. ఆవిడకి రాలేదు. అన్నం తడిసిన అట్టముక్కలా ఉందనేది. చిక్కిపోయింది. ఒకరోజు పాలు పొంగి స్టవ్ ఆరిపోయి గ్యాస్ వస్తుంటే, పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. మా అమ్మ వెళ్ళి ఆపింది. వీధికంతటికీ కాపలా కాసిన ముక్కు సొంత వంటింట్లో పనిచెయ్యలేదు. ఆ రోజు తర్వాత ఆవిడ పూలు పెట్టుకోవడం మానేసింది.

మా అమ్మ అడిగితే చెప్పిందట: "పువ్వు పెట్టుకునేది వెనకాల. నాకు కనపడదు. వాసనే కదా వదినా అది ఉందని చెప్పేది. అదీ లేకపోతే తల బరువు తప్ప ఏముంది?"

ఈ మాట బావగారి చెవిన పడింది. మర్నాడే ఆవిడని కాకినాడ తీసుకెళ్ళారు. అక్కడి ముక్కు డాక్టరు, ఘాటైన వాసనలు రోజూ ఉదయం, సాయంత్రం శ్రద్ధగా చూస్తుంటే నెమ్మదిగా తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు అన్నాడు. బావగారు మొదటి సగం విని "రైట్" అన్నారు. రెండో సగం డాక్టరు ఎవరికి చెప్పాడో తెలీదు.

అలా మొదలైంది. పొద్దున్న లవంగాలు, నిమ్మతొక్క, కాఫీపొడి. సాయంత్రం తోట. అంతవరకూ పెరట్లో ఉన్నవి ఒకటీ అరా మల్లెదుబ్బులు. ఆ ఏడాది గోడ పొడుగునా పెట్టారు. పొదలు ఎదిగి పూతకొచ్చాక ఒక చట్టం కూడా పెట్టారు: మల్లెలు కొయ్యకూడదు. పువ్వు చెట్టు మీదే విచ్చుకోవాలి, విచ్చుకునే సమయానికి అత్తయ్య దాని ముందు ఉండాలి. దండలో వాసన చచ్చిపోతుందని, విచ్చుకునే ఆ కాసేపట్లో ఉండే ఘాటు తర్వాత ఉండదని ఆయన సిద్ధాంతం. దీన్ని ఏ శాస్త్రం ఒప్పుకుంటుందని అడిగాను. "రోజూ చూసేవాడికి శాస్త్రం దేనికిరా?" అన్నారు.

మా వైపు మల్లెల్ని మొగ్గలప్పుడే కోస్తారు. చెట్టు మీద విచ్చుకున్న మల్లె అంటే ఎవరూ పట్టించుకోని ఇల్లని లెక్క. అలాంటిది బావగారి పెరట్లో సాయంత్రమయ్యేసరికి పొదలు పొదలే తెల్లబడిపోయేవి. మా మేడ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆఫీసు పని చేసుకునేవాణ్ణి. మీటింగులో అవతల మేనేజరు మాట్లాడుతుంటే ఇవతల ఆ వాసన వచ్చేది. నా జీతంలో మేనేజరు మాటలు విన్నందుకు ఎంతో, ఆ వాసన పీల్చినందుకు ఎంతో నాకు తెలీదు. కానీ ఉద్యోగం మానకపోవడానికి రెండోదే కారణం.

మేడ మీద నుంచి రోజూ అదే దృశ్యం. ఆయన కుర్చీ తుడిచేవారు. ఆవిడ వచ్చి కూర్చునేది. పొద ముందుకి వంగేది. ఆయన నిలబడే అడిగేవారు.

"వచ్చిందా?"

"రాలేదండీ."

"రైట్. రేపు చూద్దాం."

తర్వాత ఇద్దరూ చీకటి పడేదాకా కూర్చునేవారు. ఆయనకి వాసన వచ్చేది, ఆవిడకి రంగు కనపడేది. సంపెంగ ఎన్ని పూసిందో, మే పువ్వు ఎప్పుడు బయటికొచ్చిందో, విరజాజి గోడ దాటి మా ఇంటి వైపు ఎందుకు పోతోందో మాట్లాడుకునేవారు. విరజాజి మా వైపు వచ్చిన విషయంలో ఆయన నన్ను అనుమానించేవారు.

చట్టం పెట్టాక దాన్ని ఉల్లంఘించేవాళ్ళు ఉండాలి కదా. వెనక వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. తెల్లారకుండా వాకింగుకి బయల్దేరతారు, చేతిలో ప్లాస్టిక్ కవరు, చివర ఇనపతీగ వంచి కట్టిన కర్ర. వాకింగ్ అయ్యేసరికి ఆయన ఆరోగ్యంతో పాటు పూజకి కావలసిన పూలు కూడా సమకూరేవి, అన్నీ పరాయి గోడల మీదివే. ఆయన్ని కర్రగారు అందాం. పూజ పేరు చెప్పి పూలు కోస్తే మా ఊళ్ళో ఎవరూ ఏమీ అనరు. బావగారు ఒక తెల్లవారుజామున గోడ వెనక కాపు కాసి, కర్ర కొమ్మని అందుకోగానే విజిల్ ఊదారు. వీధంతా లేచింది. మా నాన్న బస్సు వెళ్ళిపోతోందనుకుని పంచె సవరించుకుంటూ పరుగెత్తారు.

"దేవుడికండీ బావగారూ!" అన్నారు కర్రగారు నొచ్చుకుని.

"దేవుడికి ముక్కు బానే ఉందండి. మా ఆవిడకే లేదు. ముందు ఆవిడకి రానివ్వండి."

కర్రగారు కర్ర దించుకుని వాకింగు కొనసాగించారు. పూలు అడిగినవాళ్ళందరికీ ఆ తర్వాత అదే మాట.

ఒక వేసవి గడిచింది. పుష్యమాసంలో ఆయన మొక్కలకి నీళ్ళు ఆపేసి, కూర్చుని ఆకు దూసేసేవారు. ఒక్క ఆకు ఉంచేవారు కాదు. కొమ్మలు కత్తిరించి మల్లెపొదల్ని చీపురుకట్టలు చేసేవారు. అలా చేస్తేనే ఎండలకి విరగబూస్తాయని. ప్రతి ఏడూ చూసేవాళ్ళు "అయ్యో, చంపేశారే" అనేవారు. "చంపలేదండి. బస్సు డిపోలో ఉంది" అనేవారు.

"ఈ బస్సు భాష మానండీ బాబూ, వినలేక చస్తున్నాను" అనేది అత్తయ్య.

రెండో వేసవిలో ఒక సాయంత్రం కాఫీ గ్లాసు తిరిగి ఇద్దామని నేను వాళ్ళ పెరట్లోకి వెళ్ళేసరికి, రోజూ జరిగేదే జరుగుతోంది. ఆయన అడిగారు. ఆవిడ వంగింది, లేచింది.

"వచ్చిందండీ" అంది.

నేను గ్లాసు పట్టుకుని అలా ఉండిపోయాను. ఆయన ఎగిరి గంతేస్తారనుకున్నాను. లేదు. టికెట్ చూపించమన్న మొహం పెట్టారు.

"కళ్ళు మూసుకో" అన్నారు.

ఆవిడ మూసుకుంది. ఆయన అంచున వంగి ఒక పువ్వు తుంచి, కొసన పట్టుకుని ఆవిడ ముక్కు దగ్గర పెట్టారు. "ఇదేంటో చెప్పు."

ఆవిడ గట్టిగా పీల్చింది. "మల్లె. ఎంత బావుందో!"

కళ్ళు తెరిచేసరికి ముక్కు ముందు కనకాంబరం. కనకాంబరానికి వాసన ఉండదు. ఆవిడ దాన్ని చూసింది, ఆయన్ని చూసింది, నన్ను చూసింది. నేను గ్లాసుని చూశాను.

"మీరు రోజూ అలా మొహం వేలాడేసుకుంటుంటే చూళ్ళేక అన్నాను" అంది.

"నా మొహం సంగతి తర్వాత. టికెట్ లేకుండా ఎక్కేశావు. దిగు. రేపు టికెట్ తీసుకుని ఎక్కు."

"నాకు ఓపిక లేదండీ."

"అంత చక్కగా అబద్ధం ఆడావు, ఓపిక లేదంటావేంటి? రైట్."

కోపం లేదు. ఆ పువ్వుని పారెయ్యకుండా తన చెవి మీద పెన్సిల్లా పెట్టుకుని నీళ్ళు పెట్టడానికి వెళ్ళిపోయారు. అత్తయ్య ఆయన వెనక చూసి, "ఇలాంటి మొండిమనిషిని మా నాన్న ఎక్కడ పట్టుకొచ్చాడో" అంది. తిట్టిందో మెచ్చుకుందో నాకు తేల్చుకోవడం రాలేదు. మర్నాడు మాత్రం ఆయన పిలవకముందే వచ్చి కుర్చీలో కూర్చుంది.

మూడో వేసవిలో పూలజడ గొడవ జరిగింది. మా అక్క కూతురు రాజమండ్రి నుంచి సెలవులకి వచ్చి, పూలజడ కావాలని పేచీ పెట్టింది. చిన్నపిల్లలకి వేసవిలో జడ పొడుగునా మల్లెమొగ్గలు కుట్టి, అద్దం ముందు వెనక్కి తిప్పి నిలబెట్టి ఫొటో తీయించడం మా వైపు తప్పనిసరి. ఆ ఫొటో లేని ఆడపిల్ల మా వైపు ఉండదు. మా అమ్మ పిల్లని వెంటబెట్టుకుని బావగారి గుమ్మంలోకి వెళ్ళింది. నేను వినోదం చూడ్డానికి వెళ్ళాను.

"బజార్లో మొగ్గలు దొరుకుతాయి కదమ్మా" అన్నారు బావగారు.

"మీ పెరట్లో ఇన్ని ఉండగా బజారేంటండీ అన్నయ్యగారూ?"

"అవి పనిమీద ఉన్నాయి."

పిల్ల పెదవి విరిచింది. అప్పుడు లోపల్నుంచి అత్తయ్య వచ్చింది.

"ఏమండీ, ఆడపిల్ల గుమ్మంలోకొచ్చి పూలడిగితే లేదనడం మా ఇంటా వంటా లేదు. ఇది మా పుట్టిల్లు. గుర్తుందా?"

ఇల్లరికపు అల్లుడికి ఈ తీర్పు మీద అప్పీలు ఉండదు. బావగారు చొక్కా తగిలించుకుని, మేకు మీది విజిల్ జేబులో వేసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా బస్టాండుకి వెళ్ళిపోయారు. అలిగితే ఆయన వెళ్ళేది అక్కడికే.

అత్తయ్య స్వయంగా పొదలన్నీ దూసేసింది. పిల్లని పీట మీద కూర్చోబెట్టి, జడ వెనక అట్టముక్క పెట్టి, సూదీ దారంతో మొగ్గ మొగ్గా కుట్టడం మొదలుపెట్టింది. మధ్యమధ్యలో మరువం. కదిలితే సూది గుచ్చుకుంటుందని పిల్ల ఊపిరి కూడా జాగ్రత్తగా తీసుకుంటోంది. జడ సగం పైగా అయ్యాక, దారం కొరకడానికి వంగిన అత్తయ్య వంగినట్టే ఆగిపోయింది.

"ఏదో కాలుతోంది" అంది.

మా అమ్మ వంటింట్లోకి పరుగెత్తింది. నేను మోటారు దగ్గరికి పరుగెత్తాను. స్టవ్ ఆరి ఉంది, మోటారు చల్లగా ఉంది. వీధిలో కూడా ఎక్కడా పొగ లేదు.

"అక్కడెక్కడో కాదు, ఇక్కడే" అంటూ అత్తయ్య మళ్ళీ వంగింది. "దీని జడే! జడలోంచే వస్తోంది!"

"అమ్మమ్మా, నా జడ కాలిపోతోంది!" అని పిల్ల ఒక్క ఏడుపు అందుకుంది.

దాన్ని సముదాయించే తీరిక ఎవరికీ లేదు. ఎందుకంటే అప్పటికి మాకు అర్థమైంది. అంతకాలంగా ఏ వాసనా తెలియని మనిషికి ఏదో తెలిసింది. అత్తయ్య జడని రెండు చేతుల్తో పట్టుకుని మొహానికి ఆనించుకుని, "కాలిన రబ్బరు. కాలిన రబ్బరు వదినా" అంటూ నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది. జడతో పాటు పిల్ల తల కూడా అటూ ఇటూ ఊగుతోంది.

నేను బండి తీసుకుని బస్టాండుకి వెళ్ళాను. బావగారు సిమెంటు బెంచీ మీద కూర్చుని కాకినాడ బస్సులో తప్పులు వెతుకుతున్నారు.

"బావగారూ, అత్తయ్యకి వాసన తెలిసింది."

"ఏ వాసన?"

"కాలిన రబ్బరు."

ఆయన జేబులోంచి విజిల్ తీసి, చూసి, మళ్ళీ జేబులో వేసుకున్నారు. గొంతు సవరించుకున్నారు. ఆ తర్వాత, "క్లచ్చా, టైరా?" అన్నారు.

బస్టాండు ఎదురుగా ఉన్న కొట్లో స్వీట్లు కొని వీధంతా పంచారు. కాలిన రబ్బరు వాసన వచ్చిందని స్వీట్లు పంచిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. కర్రగారికి కూడా పెట్టారు. డాక్టరుకి ఫోన్ చేస్తే, పోయిన వాసన తిరిగొచ్చేటప్పుడు ఇలా తారుమారుగా వస్తుంది, మంచి గుర్తే అన్నాడు. కొందరికి అక్కడితోనే ఆగిపోతుందని కూడా అన్నాడు. అక్కడికి వచ్చేసరికి బావగారికి ఎప్పటిలాగే సిగ్నల్ పోయింది.

అప్పటినుంచి "వచ్చిందా" పోయి "ఏం వచ్చింది" మొదలైంది. మల్లె కాలిన రబ్బరు. సంపెంగ ఎండుచేప. కాఫీ మాడిన వెంట్రుక. అత్తయ్యకి వాంతి వచ్చేది. అయినా వంగేది.

"తప్పు స్టాపులో దిగాం, అంతే" అనేవారు ఆయన. "బస్సయితే ఎక్కాం కదా."

"మీరు ఎక్కండి. కంపు నాకు" అనేది ఆవిడ.

పోయిన కార్తీకంలో ఒక పొద్దున్న ఆయన మొక్కలకి నీళ్ళు పెట్టి, గుమ్మానికి ఆనుకుని కాఫీ తాగి, ఒక్క నిమిషం నడుం వాలుస్తానని మంచమెక్కారు. అంతే. ఎవరికీ మంచినీళ్ళు అడిగే శ్రమ కూడా ఇవ్వలేదు. జీవితంలో ఒక్క బస్సయినా ఆగకుండా వెళ్ళిందంటే ఒప్పుకోని మనిషి, తను మాత్రం ఎక్కడా ఆగలేదు.

వచ్చినవాళ్ళందరూ దండలు తెచ్చారు. అత్తయ్య కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కూర్చుంది. చూసినవాళ్ళు ఏడుస్తోందనుకున్నారు. ఏడుస్తోంది. దానితోపాటు ఆ దండలన్నీ ఆవిడకి కాలిన రబ్బరు వాసన కొడుతున్నాయని నాకూ మా అమ్మకీ తెలుసు. రెండూ ఒకే కొంగుతో కానిచ్చింది.

పుష్యమాసం వచ్చింది. నేను మేడ మీద నుంచి చూస్తుండగా అత్తయ్య పీట పట్టుకుని పెరట్లోకి వచ్చి, మొదటి మల్లెపొద ముందు వేసుకుని కూర్చుని, ఆకు దూయడం మొదలుపెట్టింది. పలకరించడానికి వచ్చిన బంధువు ఒకావిడ పెరటి గుమ్మంలో నిలబడి నిట్టూర్చింది.

"ఇంకా ఆ పూలెందుకే తల్లీ? ఇక ఎవరు పెట్టుకుంటారు?"

"నేను పెట్టుకోవడం మానేసి చాలా కాలమైంది పిన్నీ, ఆయన ఉండగానే" అంది అత్తయ్య, చెయ్యి ఆపకుండా. "ఇవి పెట్టుకోడానికి కాదు, వాసన చూడ్డానికి. దానికి అడ్డం ఏముంది?"

బంధువు కొంగు సర్దుకుని లోపలికి వెళ్ళిపోయింది. బావగారు పోయినా ఆ ఇంట్లో ఎదుటివాళ్ళకి జవాబు దొరక్కుండా చెయ్యడం ఆగలేదని నాకు అప్పుడు తెలిసింది.

ఆవిడ తలెత్తి మేడ వైపు చూసింది. "ఒరేయ్, రోజూ పైనుంచి చూసేవాడివి కదా. మీ బావగారు కొమ్మలు ఎంతవరకూ కత్తిరించేవారు?"

"గుండు చేసేసేవారు అత్తయ్యా."

"అయితే దిగి కత్తెర అందుకో."

ఆ మధ్యాహ్నమంతా ఆవిడ దూసింది, నేను కత్తిరించాను. రెండుసార్లు తప్పుచోట కత్తిరిస్తే, "కంప్యూటరు కాదురా, మళ్ళీ మొదలుపెట్టడానికి" అంది. సాయంత్రానికి గోడ పొడుగునా చీపురుకట్టలు నిలబడ్డాయి. నిజంగానే చంపేశామేమో అని నాకు భయం వేసింది. పైకి చెప్పలేదు.

చైత్రంలో ఆకు వేశాయి. వైశాఖం వచ్చేసరికి పొదలు కనపడకుండా మొగ్గలు. ఆ వారంలోనే ఒక తెల్లవారుజామున గోడ మీదికి కర్ర వచ్చింది.

"ఇప్పుడిక కోసుకోవచ్చా అమ్మా? దేవుడికి" అని కర్రగారు మెత్తగా అడిగారు.

"దేవుడికి ముక్కు బానే ఉందండి" అని లోపల్నుంచి వినపడింది. కర్ర వెనక్కి వెళ్ళిపోయింది. పాపం, ఆయనకి మూడిళ్ళవతల గన్నేరు ఉంది.

మొన్న బస్సు దిగి నేను ఇంటికి వెళ్ళలేదు. బ్యాగు భుజాన ఉండగానే వాళ్ళ పెరటి తలుపు తోశాను. ఎండ దిగింది. మే పువ్వు మూలన ఎర్రగా ఉంది. మల్లెలు సగం విచ్చుకుని, మిగతావి ఆ పనిమీదే ఉన్నాయి. విరజాజి కింద ఒక కుర్చీలో అత్తయ్య. రెండోది ఖాళీ. నేను దాని పక్కన నిలబడ్డాను.

"కూచో. అదేం సింహాసనం కాదు, ప్లాస్టిక్ కుర్చీ" అంది.

కూర్చున్నాను.

"అడుగు" అంది.

"ఏం అడగను?"

"రోజూ ఆయన అడిగేదే. ఎవరూ అడక్కపోతే వాసన చూసినట్టు ఉండటంలేదు."

నేను గొంతు సవరించుకున్నాను. ఎన్ని జోకులు వేసినా ఆ గొంతు నాకు రాదు. "వచ్చిందా అత్తయ్యా?"

ఆవిడ పొద మీదికి వంగింది. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఏ పువ్వునీ ముట్టుకోకుండా, చాలాసేపు ఉంది. నేను మెల్లిగా కిందకి వంగి ఒక కనకాంబరం తుంచాను.

"ఆ కనకాంబరం అవతల పెట్టు" అంది కళ్ళు తెరవకుండానే. "మీ బావగారు నేర్పిన దొంగ తెలివితేటలు నా దగ్గర కాదు. తుంచిన చప్పుడు వినపడింది."

పెట్టేశాను.

"రబ్బరేనా?" అన్నాను.

"కాదు."

"మల్లెపువ్వా?"

మళ్ళీ పీల్చింది. వెన్ను కొంచెం నిటారైంది.

"మల్లె అని చెప్పను" అంది. "రబ్బరు మాత్రం కాదు. దూరంగా... మా అమ్మ పెట్టె తెరిచినట్టు. ఏదో చల్లగా. రాలేదని మాత్రం చెప్పలేను."

నేను లేచి నిలబడ్డాను. బ్యాగు కింద పడింది. స్వీట్లు కొనాలి, మా అమ్మని పిలవాలి, కర్రగారికి కూడా చెప్పాలి. రోజూ మేడ మీద నుంచి వినోదం చూసేవాణ్ణి, మొదటిసారి నేనే వినోదమయ్యాను. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. బస్సు భాష మానండీ బాబూ అని జీవితమంతా మొత్తుకున్న మనిషి.

"కూచోరా" అంది, మళ్ళీ పొద మీదికి వంగుతూ. "ఇంకా మన స్టాపు రాలేదు."